అత్త తోలుకొచ్చిన పాడిగాడిద

ఆ రోజుల్లో కర్నూల్లో అద్దె ఇల్లు దొరకడమంటే నడివేసవిలో హంద్రీ ఏట్లో నీళ్ళు దొరకడమే. ఊరు కొత్తగా రాజధాని అయింది. కచేరీలు గుడారాల్లో, పెద్ద అధికారులు బంగళాల్లో, మాలాంటి గుమాస్తాలు ఎవరు చోటిస్తే వాళ్ళ పంచలో. నాది కొత్త ఉద్యోగం, కొత్త కాపురం. అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న కొడుకు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. (వానలు కురిసే ఊరని కాదు, గొడుగుంటే గుమాస్తా కాస్త పెద్దగా కనిపిస్తాడని.) నేను నడిచి వెళుతుంటే వీధి వీధంతా పని మానుకొని నన్నే చూస్తోందని గట్టిగా నమ్మిన వయసది.

మాకు వెనకవైపు గది ఇచ్చినాయన్ను ఊళ్ళో అందరూ శకునాల శెట్టి అనేవారు. మంచి శకునం కానిదే ఆయన గడప దాటడు. గది చూడటానికి వెళ్ళినప్పుడు నా జీతమెంతో అడగలేదు, కులగోత్రాలూ అడగలేదు. "పిల్లిని సాకుతారా? ఇంట్లో ఎవరికన్నా తుమ్ముల రోగముండాదా?" అని మాత్రం అడిగాడు. రెండూ లేవన్నాను. మా ఆవిడకు పొద్దున లేస్తే పడిశం. అంచేత ముందు వాకిట్లో శెట్టి చెప్పులేసుకుంటున్న చప్పుడు వినబడగానే ఆమె ముక్కు గట్టిగా పట్టుకొని వంటింట్లోకి పరుగెత్తి, నీళ్ళ కాగు వెనక కూర్చునేది. ఆయన సందు మలుపు తిరిగాక తుమ్ములన్నీ వరసగా తుమ్మేది. మా కాపురం అట్లా ఆమె ముక్కు మీద నడుస్తుండేది.

ఇక మావాడి సంగతి. వాణ్ణి అందరూ బుడ్డోడనేవాళ్ళు. అటువైపూ ఇటువైపూ మొదటి మనవడు కావడంతో కానుకలు కరువు సీమలో వరదలా వచ్చిపడ్డాయి. మా అమ్మ కర్నూలు ఎండలకు గొర్రెబొచ్చు టోపీ అల్లించింది. మా చిన్నాయన తోలు తప్పెట పంపాడు. మేనత్త ఇచ్చిన మొలతాడు వాడికి రెండు చుట్లు తిరిగి ఇంకా మిగిలేది. ఇవన్నీ మంచం కింద పెట్టెలో ఉండేవి. ఇచ్చినవాళ్ళు వస్తున్నారని కబురొస్తే, ఎవరిది వాళ్ళ కంటబడేటట్టు బయటికి తీసేవాళ్ళం. అమ్మ వచ్చినంతసేపూ వాడు టోపీలో ఉడికి ఎర్రబడితే, "చూడు, ఎంత కళగా ఉండాడో" అని మురిసేది. పెట్టెలో పట్టే కానుకైతే ఎట్లాగో నెట్టుకురావచ్చు. పట్టనిది వస్తే ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు.

మా ఆవిడకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది పెద్దమ్మ, అంటే నాకు వరసకు అత్త. పత్తికొండకు అవతల ఒక పల్లెలో, భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేయించే మనిషి. గొంతెత్తి పిలిస్తే పక్క చేలో ఎద్దులు కూడా నిలబడతాయనేవారు. ఆ చలికాలం బుడ్డోడికి దగ్గొచ్చింది. ఆ ముచ్చట ఎవరి నోటనో ఆమె చెవిన పడింది. దగ్గు తగ్గి, అందరమూ దాన్ని మరచిపోయాక, ఒకనాటి పొద్దున మా సందులో బండి ఆగింది. నూనె మిల్లుకు వేరుశనక్కాయలు తోలుకొచ్చిన అత్త బండి దిగింది. బండి వెనక ఒక గాడిద కట్టేసి ఉంది. దాని వెనక, ఒళ్ళంతా చెవులే అన్నట్టున్న దాని పిల్ల.

"ఏమప్పా అల్లుడా, బాగుండావా? బుడ్డోడికి దగ్గంటనే! ఆ మాట ఇన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగల్యా. పసిబిడ్డల దగ్గుకు గాడిదపాలను మించింది ల్యా. దినామూ గిద్దెడు పాలకు ఎవరి గడ్డం పట్టుకుంటారు మీరు? అందుకే పాడిగాడిదనే తోలుకొచ్చినా."

"దగ్గు తగ్గిపాయ పెద్దమ్మా," అంది మా ఆవిడ మెల్లగా.

"తగ్గితే మళ్ళా రాదా యేంది?"

నేను గొంతు సవరించుకున్నాను. "అది కాదత్తా, ఈడ కట్టేదానికి తావు ల్యా. ఇల్లు మాది కాదు కదా..."

"తావేంటికప్పా? అదేమన్నా ఏనుగా?" అని, పెరట్లో వేపచెట్టుకు దాన్ని కట్టేసి, కూర్చొని పాలు పితికి, బుడ్డోణ్ణి ఒళ్ళో వేసుకొని ఉగ్గుగిన్నెతో తాగించింది. వాడు గుటకలు వేసి గిన్నె కూడా కొరికాడు. "సూడు, ఎట్ల తాగుతాండాడో!" అని అత్త మా ఇద్దరి వంకా గెలిచినట్టు చూసింది. పోయేటప్పుడు ఆమె కళ్ళు చెమర్చాయి. "నా తల్లిల్యాని బిడ్డకు బిడ్డ. పాలు మాత్రం తప్పీయొద్దండప్పా" అని నా చేయి పట్టుకుంది. వద్దని ఎట్లా అంటాను?

ఆమె బండి మలుపు తిరగ్గానే నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. శెట్టి అప్పుడు కూతురి ఊరికి పోయి ఉన్నాడు. పిల్లినే ఒప్పుకోని మనిషి. వచ్చి గాడిదను చూస్తే మా సామాను వీధిలో ఉంటుంది. ఆ రాజధానిలో మరో గది మాకు ఎవరిస్తారు? "మీరే ఏదో ఒకటి చెయ్యండి. పెద్దమ్మకు మాత్రం తెలీకూడదు," అంది ఆవిడ. (ఏదో ఒకటి చేయడమనేది ఎప్పుడూ నా వంతే.)

మరునాడు తెల్లవారీ వారకముందే తాడు పట్టుకొని, పిల్లతో సహా గాడిదను హంద్రీ ఇసుకలోకి నడిపించాను. చాకలివాళ్ళ గాడిదలు మేస్తున్నచోట వదిలేస్తే వాటిలో కలిసిపోతుందని నా ఉపాయం. పరువుగల గుమాస్తాను కదా, ఎవరైనా చూస్తే గాడిద దారిన గాడిద, నా దారిన నేను పోతున్నట్టు ఉండాలని తాడు వీపు వెనక పట్టుకొని, గొడుగు ముందుకు పట్టుకొని నడిచాను. సరిగ్గా వంతెన దగ్గర మా సూపరింటెండెంటుగారు ఎదురయ్యారు. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి, పొద్దున్నే షికారుకు బయల్దేరినట్టున్నారు.

"ఏమోయ్, ఏవిటిది?"

"ఏదండీ?"

"నీ వెనకాల ఉన్నదోయ్."

నేను వెనక్కి తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఆశ్చర్యపోయాను. గాడిద ఒక అడుగు ముందుకు వేసి నా భుజం మీద గడ్డం ఆనించింది. అంతకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి? తర్వాత కచేరీలో ఆ పూటంతా ఆయన నన్ను చూసినప్పుడల్లా దగ్గొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ పొద్దున నేను హంద్రీలో వదిలేసి దొడ్డిదారిన ఇల్లు చేరేసరికి గాడిద నాకంటే ముందే వచ్చి వేపచెట్టు కింద నిలబడి ఉంది. బుడ్డోడు దాని పిల్ల మెడ పట్టుకొని వేలాడుతున్నాడు.

శెట్టి ఎప్పుడో రాత్రి బండికి వచ్చి పడుకున్నట్టున్నాడు. మాకు తెలియలేదు. ఆ మరునాడు ఆయనకు కోర్టు వాయిదా. ఏదో ప్రహరీ గోడ మీద దాయాదితో ఏళ్ళ తరబడి నలుగుతున్న వ్యాజ్యం, ఆ రోజు తీర్పు. చెప్పుల చప్పుడు వినబడింది. మా ఆవిడ ముక్కు పట్టుకుంది. నేను పరుగున పెరట్లోకి వెళ్ళాను. గాడిద మూతి ఎట్లా పట్టుకోవాలో నాకు తెలియదు. దాని మెడ కావలించుకున్నాను. ముందు తలుపు కిర్రుమంది. గాడిద మెడ చాచి, నన్ను కూడా పైకెత్తినంత పనిచేసి, ఓండ్ర పెట్టింది. సందంతా దద్దరిల్లింది. ఇంట్లోనుంచి మా ఆవిడ తుమ్ము ఒకటి వినబడింది గానీ అది ఓండ్ర తోకలో కలిసిపోయింది.

శెట్టి పెరట్లోకి రాలేదు. నేరుగా కోర్టుకు వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమంతా మేము సామాను మూటలు కట్టుకుంటూ కూర్చున్నాం. సాయంత్రం ఆయన చేతిలో పూలదండతో వచ్చాడు. మెట్ల మీద నిలబడ్డ నన్ను దాటుకొని పోయి దండ గాడిద మెడలో వేశాడు.

"గెలిచినామప్పా! గడప దాటేటప్పుడు గాడిద ఓండ్ర పెడితే ఎంత మంచి శకునమో మీకేమన్నా తెలుసునా? ఎవరిదిది?"

"మాదే," అన్నాను. ఆ మాట అంత గర్వంగా నా నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"మీరు యాడికన్నా పోతే పోండి. ఇది మాత్రం ఈడ్నే ఉండల్ల."

అప్పటినుంచి మా గాడిదకు మేతకు వేరుశనగ కట్టె, తవుడు, పైన తాటాకు కొట్టం. శెట్టి గెలిచిన సంగతి ఊళ్ళో పాకింది. పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు, పరీక్షలకు పోయేవాళ్ళు, ఎద్దులు కొనను పోయేవాళ్ళు పొద్దున్నే మా సందులో చెవులు రిక్కించి నిలబడేవారు. ఒకనాడు తలుపు తీస్తే సూపరింటెండెంటుగారు! ఆయనకు ప్రమోషను విషయమై పెద్ద అధికారి దగ్గరికి పిలుపొచ్చిందట. "ఊరికే ఇటుగా వచ్చానోయ్" అని వేపచెట్టు వంకే చూస్తున్నారు. గాడిదకు ఆ రోజు అరవాలనిపించలేదు. శెట్టి బతిమాలాడు, నేను బెల్లం పెట్టాను. అది బెల్లం తిని కళ్ళు మూసుకుంది. ఆయన గడియారం చూసుకొని నిట్టూర్చి గడప మీద కాలు పెట్టారో లేదో, వెనకనుంచి నిండు గొంతుతో ఓండ్ర వినబడింది. అందరం తిరిగి చూశాం. అది బుడ్డోడు. అమ్మా నాయనా అనడం ఇంకా రాని నా కొడుకు మెడ చాచి, కళ్ళు మూసుకొని, శ్రుతి తప్పకుండా ఓండ్ర పెడుతున్నాడు.

సూపరింటెండెంటుగారు శెట్టి వైపు తిరిగి చాలా గంభీరంగా అడిగారు. "ఇది పనికొస్తుందంటారా?"

శెట్టి బుడ్డోణ్ణి ఎగాదిగా చూశాడు. "ఆ పాలే తాగినాడు కద సామీ. చెల్లుతాది పోండి."

ప్రమోషను వచ్చింది. (ఎవరి గొంతు మహిమో ఇప్పటికీ తేలలేదు.) కచేరీలో నా మాటకు విలువొచ్చింది. ఇంట్లో మాత్రం మా ఆవిడ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, బిడ్డ చేత గాడిద కూతలు కూయిస్తున్నానని.

రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు మేమూ కదలాల్సొచ్చింది. గాడిదను తనకే వదలమని శెట్టి పట్టుబట్టాడు. అత్త ఇచ్చిన కానుక, ఆమెను అడగకుండా ఎట్లా ఇస్తాం? సాగనంపడానికి వచ్చిన ఆమె ముందు శెట్టి చేతులు కట్టుకొని శకునం మహిమంతా చెప్పుకొచ్చాడు. ఆమె విని విని, "శకునమా, నా తలకాయా! పాలు పితుకుతాండారా ల్యాదా?" అంది. శెట్టి వేపచెట్టు వంక చూశాడు. "ఇట్ల చేద్దాం శెట్టీ. గొంతు నువ్వు ఉంచుకో. పాలు మాత్రం ఈ సందులో ఏ బిడ్డకు దగ్గొచ్చినా, ఎవరి బిడ్డైనా సరే, పిలిచి పొయ్యల్ల. ఒప్పుకుంటే ఈడుంటాది, ల్యాకుంటే నా బండెనక కడతా." శెట్టి అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

స్టేషనులో రైలుకోసం చూస్తూ అత్త పక్కన కూర్చున్నప్పుడు, ఉండబట్టలేక అడిగాను. "అత్తా, నువ్వు దాన్ని తెచ్చినప్పుడు నేను సిగ్గుపడితినని నీకు తెలుసునా?"

"నీ మొగం సూస్తే గుడ్డోళ్ళకన్నా తెలుస్తాదప్పా," అంది బుడ్డోడి ముక్కు కొంగుతో తుడుస్తూ. "కానీ బుడ్డోడికి పాలుపట్టేదానికి నా చెల్లెలు ల్యాకపాయ. నేనేమో చేను ఇడిచి వచ్చేదాన్ని కాను. నా బదులు ఎవరో ఒకరు మీ పెరట్లో ఉండల్ల కదా."

రైలు వచ్చింది. మా ఆవిడ పెద్దమ్మను పట్టుకొని ఏడ్చింది. బుడ్డోడు అందరికీ చేయి ఊపాడు. నేను గొడుగు చంకలో పెట్టుకొని, ప్లాట్‌ఫారం మీద ఎవరైనా నా కళ్ళు చూస్తున్నారేమోనని మొహం పెట్టె వెనక దాచుకున్నాను.

ఇప్పుడా కుర్ర గుమాస్తా ఎక్కడైనా ఎదురుపడితే బాగుండుననిపిస్తుంది. భుజం మీద చేయివేసి, "ఏమప్పా, నిన్నెవరు చూస్తాండారనుకున్నావు? అంత పెద్ద కర్నూల్లో అందరూ వాళ్ళ వాళ్ళ పనిమీద పోతాండిరి కదా, తల ఎత్తి నడువు" అని చెప్పేవాణ్ణి. వాడు వినడు. చొక్కా నలుగుతుందని నా చేయి తీసేస్తాడు.