నాలుగో స్థానానికి రెండు చీటీలు

మా ముత్తాత అత్తిమంజేరిపేట చుట్టూ ఏడూళ్ళకు మిరాసీదారు. మా తాత నడిచి వస్తుంటే సంతలో బేరాలు ఆగేవి. మా నాన్న ఇంటి అరుగు మీద కూర్చుని తగాదాలు తీర్చేవాడు. ఆయన మాట చెప్పాక కోర్టుకు పోయినవాళ్ళు లేరు. నేను ఫుట్‌బాల్ లీగ్‌లో నిబంధనల కమిటీ సభ్యుణ్ణి. మా జిల్లాలో ఫ్యాక్టరీలు జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకుని ఆడించే లీగ్ అది. ఇది దిగజారడమేనని మా బంధువులు అంటారు. నేనలా అనుకోను. ఇద్దరు సమానంగా నిలబడినప్పుడు ఎవరిది పైచేయో చెప్పడం మా ఇంటి పని. ఇప్పుడు ఆ ఇద్దరూ నిక్కర్లు వేసుకుని వస్తున్నారు, అంతే.

లీగ్‌లో ఎనిమిది జట్లు. మొదటి నాలుగు జట్లకే ప్లేఆఫ్. పాయింట్లు సమానమైతే ఏం చేయాలో రాసింది నేనే. ముందు, ఆ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడినప్పుడు ఎవరు గెలిచారో చూడాలి. కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేసి చూడడం ఆ తరువాతే. దీని మీద కమిటీలో పెద్ద వాదన జరిగింది. బలహీనుడి మీద ఎనిమిది గోల్స్ కొట్టడం గొప్ప కాదు, ఎదురుగా నిలిచినవాడి మీద ఒక్కటి కొట్టడం గొప్ప అన్నాను. ఒప్పుకున్నారు. అవీ సమానమైతే మొత్తం కొట్టిన గోల్స్, ఆపైన పసుపు కార్డులు ఎవరికి తక్కువో లెక్క. చివరి అంశంగా ‘చీటీ’ అని రాశాను. అంతదాకా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వచ్చింది. లీగ్ చివరి రోజు మధ్యాహ్నానికి నాలుగో స్థానంలో తిరుత్తణి, మింజూరు కలిసి నిలిచాయి. ఇద్దరికీ పదకొండు పాయింట్లు. వాళ్ళిద్దరూ ఆడిన ఆట ఒకటీ ఒకటితో సమం. కొట్టినవి తొమ్మిదేసి, తిన్నవి ఏడేసి. పసుపు కార్డులు ఎనిమిదేసి. తిరువళ్ళూరు మైదానం పక్క గదిలో నేను ఆ లెక్క మూడుసార్లు వేశాను.

తిరుత్తణి ఇప్పుడు మా ఊరు. మా జట్టు ఇంతవరకు ఒక్కసారి కూడా ప్లేఆఫ్‌కు పోలేదు. మా కెప్టెన్ వెల్డింగ్ పనివాడు, మోకాలికి పట్టీ కట్టుకుని ఆడిన మనిషి. అతను తలుపు దగ్గర నిలబడి నా పెన్ను కదిలినప్పుడల్లా ఒక అడుగు లోపలికి వేశాడు.

చీటీలు రాయవలసిన కార్యదర్శి పెళ్ళికి పోయాడు. కమిటీలో అక్కడున్నది నేనొక్కణ్ణే. మింజూరు జట్టు మేనేజరమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది.

“తిరుత్తణాయనే రాసి, తిరుత్తణాయనే తీస్తే ఇంక మేమేమిటికి? ఇప్పుడే బస్సెక్కి పోతాము.”

“అక్కా, అయ్య అట్టాంటోడు కాదు” అన్నాడు మా కెప్టెన్.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “కుర్చీలో గూడా ఆనుకోకుండా కూర్చోనుండాడే! సెరి, ఆయన్నే తియ్యనీ.”

గిన్నె కోసం వెతికితే ఎవరో అన్నం తెచ్చుకున్న స్టీలు తూక్కు డబ్బా దొరికింది. అందులో మధ్యాహ్నపు నిమ్మకాయ చిత్రాన్నం వాసన ఇంకా పోలేదు. నేను రెండు చీటీలు రాసి మడిచి అందులో వేశాను. రాసింది తెలుగులో. నాకు చేయి తిరిగేది ఆ లిపే.

మూత పెట్టి ఊపాను. కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. విప్పాను. మింజూరు అని ఉంది.

కెప్టెన్ నా భుజం మీంచి తొంగిచూశాడు. “ఏమని ఉండాదయ్యా?”

అతన్ని చూశాను. మేనేజరమ్మను చూశాను. ఆమె వెనకాల మెడలు చాచిన పదిహేను మందిని చూశాను. అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే. ఒక్కరికీ చదవడం రాదు; మా వైపు బళ్ళలో నేర్పేది తమిళమే.

“జాంగ్రీ పిండినట్టుండాది” అన్నాడు వెనక నుంచి ఒకడు.

సంగతి కెప్టెన్‌కూ అప్పుడే తట్టింది. నా చెవి దగ్గరికి వంగాడు. “మనదని చెప్పేయయ్యా. ఎవురికి తెలుస్తాది?”

నాకు ఆశ పుట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. అతని మోకాలి పట్టీ మీద ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. నేను గొంతు సవరించుకున్నాను.

“మింజూరు.”

బయట కేకలు, ఈలలు. మేనేజరమ్మ మాత్రం కదల్లేదు. “రెండోది గూడా చూపీ సామీ. రెండింట్లోనూ మా పేరే రాసుంటే? మంచోళ్ళను నమ్మేదానికి లేదు.”

ఇచ్చాను. ఆమె ఆ చీటీని తలకిందులుగా పట్టుకుని, పై నుంచి కింది దాకా శ్రద్ధగా చూసి, తల ఊపింది. “కరెక్టే.”

సాయంత్రం రైల్లో కెప్టెన్ నా ఎదురుగా కూర్చున్నాడు. అరక్కోణంలో రెండు కాఫీలు కొని ఒకటి నా చేతిలో పెట్టాడు.

“కోపమా?” అన్నాను.

“ఉండాది. తిరుత్తణి వస్తే పోతాదిలే.” కాస్త తాగి అన్నాడు: “ఆ మాట నేను అడిగుండకూడదు. నువ్వు అట్టా చెప్పుంటే నాకింకా కోపమొచ్చుండేది.”

“అప్పుడెందుకు?”

“రేపు మింజూరోళ్ళ చేత చీటీ తీయిస్తే, వాళ్ళను మాత్రం ఎట్టా నమ్మేది?” అని నవ్వేశాడు. “నాకు తెలుగు చదివేది నేర్పయ్యా. మోకాలు పొయ్యింది, వచ్చే ఏడు ఆడేది లేదు, కమిటీలో కూర్చుంటా. నువ్వు చదివేటప్పుడు పక్కన నేనూ చదవాల. నీ మీద నమ్మకం లేక కాదు.”

“మరి?”

“నమ్మకముండేదే తంటా. నోరెత్తేదానికి లేదు.”

ఇంత నిటారుగా మాట్లాడినవాణ్ణి ఈమధ్య చూడలేదు. ఆదివారం పొద్దున ఇంటికి రమ్మన్నాను. పలక తెచ్చుకోనా అని అడిగాడు. అక్కర్లేదు, పుస్తకం నేనే చూసి పెడతానన్నాను.

మరునాడు వెతికాను. అటక మీద, పెట్టెల్లో, దేవుడి గూటిలో. పంచాంగం ఒకటి దొరికింది. మా ఇంట్లో రెండు బీరువాల నిండా తెలుగు పుస్తకాలుండేవి. మా నాన్న పోయిన మరుసటి ఏడు నేనే వాటిని తిరుత్తణిలో పాత కాగితాల కొట్టుకు తూకానికి అమ్మేశాను. బీరువాలు కూడా.