పంపు కోసం ముత్తవ్వ పెట్టిన పంచాయితీ

నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆ వాడలో ముత్తవ్వ నోటికి జంకనివాళ్లు లేరు. మొగుడు పోయిన ఏడేళ్లుగా ఆ నోటితోనే నెగ్గుకొచ్చింది. ఒక్కతే కూతురు లావణ్య, తొమ్మిదేళ్లది. ఉబ్బసం. చలికాలం వస్తే పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడేవి.

తొంభై తొమ్మిదిలో పిల్లల డాక్టరు రాధాకుమారి, లావణ్య బడిలో టీచరు మార్కండేయ, మహిళా సంఘంవాళ్లు కలిసి ఉబ్బసం పిల్లల కోసం కమిటీ పెట్టారు. పంపు మందు, అంటే ఇన్‌హేలర్, ఎలా పీల్చాలో తల్లులకు నేర్పడం, బళ్లవాళ్లతో మాట్లాడటం వాళ్ల పని. మొదటి మీటింగులోనే ముత్తవ్వకూ డాక్టరమ్మకూ చెడింది.

"పొగాకు దుమ్ము పిల్లలకు పడదమ్మా. ఇంట్లో బీడీలు చుట్టకండి," అంది బోధన్ వైపు వచ్చి స్థిరపడ్డ ఆంధ్రా రైతుల ఇంట పుట్టిన రాధాకుమారి.

ముత్తవ్వ లేచి నిలబడింది. "ఇంట్ల గాకుంటే రోడ్డు మీద సుట్టాల్నా? ఉన్నది ఒక్క అర్ర. అండ్లనే వండుడు, అండ్లనే పండుడు. తప్పంత తల్లులదేనా? జాగ సూపియ్యి, అవుతల కూసుంట!"

చెప్పులు తొడుక్కుని విసురుగా వెళ్లిపోయింది. అయినా మర్నాడే ఆసుపత్రికి వెళ్లి పంపు వాడటం నేర్చుకుంది. నీళ్ల బాటిలు అడుగున బెజ్జం చేసి, పంపు మూతి అందులో దూర్చి, బాటిలు మూతి దగ్గర పిల్లచేత పీల్పించేది. ఇంకో పంపు బడి సంచిలో పెట్టేది.

జనవరిలో హెడ్‌మాస్టరు వెంకట్రావు ఆ పంపు గుంజుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "బడిలోకి మందులు తేవద్దు. ఆ జబ్బు పక్క పిల్లలకు అంటుతుంది," అన్నాడు. మధ్యాహ్నం ఆటల పీరియడులో లావణ్యకు ఆయాసం వచ్చింది. ఆయన ఏదో పని మీద బయటికి వెళ్లాడు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. మార్కండేయ స్కూటరు మీద ఆసుపత్రికి చేర్చేసరికి పిల్ల పెదవులు నీలిబడ్డాయి. బతికింది.

కమిటీ పై అధికారులకు ఉత్తరం రాద్దామంది. "రాయుండ్రి," అని ముత్తవ్వ తెల్లారి బడి గేటుకు అడ్డంగా కూర్చుంది. నలుగురు తల్లులు తోడొచ్చారు.

"లేస్తావా, పోలీసులను పిలవనా?" అన్నాడు వెంకట్రావు.

"పిలువు సారూ! నా బిడ్డ పానం బీరువల పెట్టి తాళమేసినవని వాళ్ల ముంగటనే చెప్త."

"రోగిష్టి పిల్లను ఇంట్లో ఉంచుకోవాలి గానీ..."

"మల్లోపారి అను!" ముత్తవ్వ అరుపుకు ఎదురిళ్ల కిటికీలు తెరుచుకున్నాయి.

ఆమెను శాంతపరచడానికే రాధాకుమారి వచ్చింది. గేటు దగ్గర హెడ్‌మాస్టరు మాటలు విన్నాక తానూ నేల మీద కూర్చుంది. "ఇది అంటురోగం కాదు మాస్టారూ. పంపు పిల్ల దగ్గరే ఉండాలి. ఇంకోటి టీచరు దగ్గర పెట్టండి." ముత్తవ్వ ఆమె వైపు తిరిగి కూడా చూడలేదు.

గేటు ముందు జనం పోగయ్యేసరికి పదిన్నరకు బీరువా తెరుచుకుంది. వెంకట్రావు పంపును చేతికివ్వకుండా గేటు పక్కన పడేసి పోయాడు.

కమిటీలో చేరమంటే ముత్తవ్వ ఒక్కటే అడిగింది: "ముందుగాల బీడీలు సుట్టెతందుకు జాగ." ఏడాదిన్నర కొట్లాడాక మహిళా సంఘం భవనం వరండా దొరికింది. లావణ్యకు ఆయాసం తగ్గింది, పూర్తిగా పోలేదు. వెంకట్రావు మాత్రం బదిలీ అయ్యేదాకా ముత్తవ్వ ఎదురైతే ఉమ్మేసి దారి మార్చుకునేవాడు.