చైనా బానిసలూ, మా ఇంటి ఇల్లరికమూ

చంద్రపూర్‌లో మా అత్తగారింటి ముందు భాగమంతా పిండి గిర్ని, వెనక రెండు గదులు. నా భార్య వాళ్ళకు ఒక్కతే కూతురు. మామకు మోకాళ్ళ నొప్పులు ముదిరి గిర్ని దగ్గర నిలబడలేని పరిస్థితి వచ్చింది. నాకేమో అప్పుడే సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని పోయింది. ఇద్దరి అవసరాలూ కలిశాయి. రాజురా అవతలి మా ఊరి నుంచి రెండు సూట్‌కేసులతో వచ్చి ఇల్లరికపు అల్లుడినయ్యాను.

మామ తక్కువ మాటల మనిషి. గల్లా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మరాఠీ పేపరు పట్టుకుని కూర్చునేవాడు. శనగపప్పు పట్టిన తర్వాత గోధుమలు పోసే ముందు గిర్ని శుభ్రం చేశానా లేదా అన్నది పేపరు మీదుగా ఒక్క చూపు చూసి కనిపెట్టేవాడు.

పెళ్ళికి ముందు సగంలో వదిలేసిన చరిత్ర ఎం.ఏ.ని నా భార్య మళ్ళీ మొదలుపెట్టించింది. దూరవిద్య, అదీ మరాఠీలో. నాతోపాటు అదే పరీక్ష రాస్తున్న దోస్తు ఒకడు భద్రావతి క్వార్టర్లలో ఉండేవాడు. రోము బానిసలను చైనా బానిసలతో పోల్చమని ఈసారి తప్పకుండా అడుగుతారని వాడెక్కడో విన్నాడు. అందుకని మధ్యాహ్నాలు ఫోన్‌లో ఒకరికొకరం పాఠం అప్పజెప్పుకునేవాళ్ళం. గిర్ని నడుస్తుంటే పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక చేత్తో పిండి దులుపుతూ, గొంతు చించుకుని రోము గురించి అరిచేవాణ్ణి.

రోములో ఎక్కువమంది యుద్ధాల్లో పట్టుబడి వచ్చినవాళ్ళు. వాళ్ళచేత గనులు తవ్వించారు, తోటలు సాగు చేయించారు, పిల్లలకు చదువులు కూడా చెప్పించారు. పిండి మరలు తిప్పడానికి గాడిదలనే కాదు, మనుషులనూ పెట్టేవారట. అది చదివిన రోజు మా గిర్ని మోటారు వైపు కాసేపు ప్రేమగా చూశాను. అయితే యజమాని తలచుకుంటే రోము బానిస విడుదల కావచ్చు, ఆ యజమాని ఇంటిపేరే పెట్టుకుని పౌరుడుగా బతకవచ్చు. చైనాలో పొలం పని చాలావరకు మామూలు రైతులదే. వాళ్ళు ఏటా కొన్నాళ్ళు రాజుకు ఊరికే పనిచేసి రావాలి, మన వెట్టి లాగా. బానిసలు తక్కువే గానీ, నేరం చేసినవాడి పెళ్ళాంబిడ్డలను సర్కారు బానిసలుగా పట్టుకుపోయేది. కరువొస్తే కన్నవాళ్ళే పిల్లలను అమ్ముకునేవాళ్ళు.

ఇదంతా నవ్వుతూ చదివే సంగతి కాదు. నాకు నవ్వొచ్చింది ఆ తర్వాతి పేజీలో. ప్రాచీన చైనాలో పేదవాడెవడైనా అత్తగారింట్లోనే ఉండిపోతే, అలాంటి అల్లుణ్ణి సర్కారు నేరస్తులతో జమకట్టేదట. సరిహద్దుకు మనుషులు కావలసివస్తే ముందుగా వాళ్ళనే తోలేదట.

ఉండబట్టలేక దోస్తుకు ఫోను చేశాను. మే నెల మధ్యాహ్నం. గిర్ని ముందు డబ్బాలు పట్టుకుని ఆడవాళ్ళు వరుసలో నిలబడ్డారు. వాడికి సరిగ్గా వినబడలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. నేను బలమంతా కూడదీసుకుని చెబుతుండగా కరెంటు పోయింది. గిర్ని ఆగింది. నా నోరు ఆగలేదు.

"ఇల్లరికపు అల్లుడంటే బానిసకు ఒక్క మెట్టే మీద! ఎంత చాకిరి చేసినా ఇజ్జత్ లేదు!"

ఆ వరుసలో తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరే. వాళ్ళు మిగతావాళ్ళకు మరాఠీలో చెప్పారని నాకు తర్వాత తెలిసింది. మామ పేపరు మడిచి కుర్చీ మీద పెట్టి నెమ్మదిగా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నా చదువు సంగతి ఆయనకు తెలుసు కదా అనుకుని ఆ మాట నేను అప్పుడే మరచిపోయాను.

మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి మామ కుంటుతూనే గిర్ని తెరిచేశాడు. బస్తా ఎత్తబోతే ఉండనియ్యమన్నాడు. అత్తమ్మ నా కంచంలో నెయ్యి రెండుసార్లు వేసింది. సాయంత్రానికి మా గదిలోకి కొత్త కూలరు వచ్చింది. వాళ్ళ గదిలో మాత్రం పాత ఫ్యానే తిరుగుతోంది. పరీక్ష దగ్గర పడిందని ఇంత ప్రేమగా చూస్తున్నారనుకున్నాను. ఇలాంటి మామ అందరికీ దొరకడని దోస్తుకు ఫోన్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నా సుఖం ఎంతోకాలం సాగలేదు. నా భార్య కూరగాయల మార్కెట్ నుంచి వచ్చి సంచి దభీమని కింద పెట్టింది.

"నీకిక్కడ ఇజ్జత్ లేదంట గదా. ఊరందరికి తెల్సినంక నాకు తెల్సింది. మా నాయన నిన్నేమన్నడు?"

నేను చైనా అన్నాను. ఆమె నమ్మలేదు. పుస్తకం తెచ్చి ఆ పేజీ చూపించాను. రెండుసార్లు చదివి, మంచం మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాన్నకు నువ్వే చెప్పుకో, నేను చెబితే మొగుణ్ణి వెనకేసుకొస్తున్నాననుకుంటాడు అంది.

మామ గిర్ని రాళ్ళు విప్పుకుని గాట్లు పెడుతున్నాడు. ఎదురుగా కూర్చుని, ఆ రోజు నేనన్నది మన ఇంటి ముచ్చట కాదు, ఎప్పటిదో చైనా ముచ్చట అన్నాను. ఉలి ఆగింది.

"చైనాల గూడ ఇల్లరికం ఉండెనా?"

ఉండేదని మొత్తం చెప్పాను. అత్తమ్మ కూడా వచ్చి గడపలో నిలబడింది. అంతా విని మామ ఉలి పక్కన పెట్టాడు.

"నేను గూడ గీ ఇంటికి ఇల్లరికమే వచ్చిన, అల్లుడూ. గిర్ని మీ అత్త నాయనది. నువ్వు గా మాట అనంగనే నా పానం జల్లుమన్నది. మా మామతోని అనాల్నని ఆయన ఉన్నన్ని రోజులు అనలేకపోయిన మాట గది. నాకు కోపం రాలే. సిగ్గొచ్చింది."

పెళ్ళి మాటల్లో కూడా ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు. మామకు ఇంకా అనుమానాలు మిగిలి ఉన్నాయి. అల్లుళ్ళను నిజంగానే సరిహద్దుకు తోలేవాళ్ళా అని అడిగాడు. అవునన్నాను. ఆయన గడప వైపు తిరిగాడు.

"ఇన్నవా? మీ నాయన నన్ను పెండ్లయిన ఏడాదే కొర్పనా ఊరి కాడి చేనుకు పత్తి కావలి తోలిండా లేదా? ఆడ పులి తిరుగుతుండె."

"పులి గాదు, పందులు," అంది అత్తమ్మ.

"నువ్వున్నవా ఆడ?"

"నేను లేకున్నా నా సద్ది ఉండె గద, రెండు పూటలు. చైనోళ్ళు పంపిన్రా సద్ది?"

పుస్తకంలో ఆ వివరం లేదని ఒప్పుకున్నాను. అయితే ఇది దానికి సాటి రాదని అత్తమ్మ తేల్చేసింది. మామ ఊరుకోలేదు. ఆ చేను నుంచి ఒకసారి పారిపోయి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడట. ఆమె కడుపునిండా అన్నం పెట్టి, మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సు ఎక్కించిందట. రోములో పారిపోయి దొరికినవాడి నుదుటి మీద వాతలు పెట్టేవాళ్ళని చెప్పాను. మామ తన నుదురు తడుముకున్నాడు.

"గంత పని మా మామ గూడ చెయ్యలే, పాపం."

ఆయన నోట తన తండ్రి గురించి మంచిమాట వినడం అదే మొదలని అత్తమ్మ అంది. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే కూలరును మాత్రం తమ గదిలోకి తోయించుకుంది.

మర్నాడు మినుములు పట్టిన గిర్ని తుడవకుండానే గోధుమలు పోశానని మామ నలుగురిలో కసురుకున్నాడు. నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

పరీక్ష రోజున గిర్నికి తాళం వేసి ఆయన కూడా నా వెంట వచ్చాడు. ఎండలో కాలేజీ గోడ నీడన కూర్చుని, నేను బయటికి రాగానే చైనా వచ్చిందా అని అడిగాడు. రాలేదు, రోమువాళ్ళ రోడ్లూ వ్యాపారమూ వచ్చాయన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. నాకంటే ఆయనకే ఎక్కువ బాధ కలిగింది. ఎదుటి బండి దగ్గర చెరకురసం తాగాం. గ్లాసు కింద పెట్టాక అన్నాడు:

"గీ ప్రశ్నల పేపర్ తీసినోడు ఇల్లరికం పోలే. గంతే."

నేను పాసయ్యాను. మార్కులు మాత్రం అత్తెసరే.