కోళ్ళ గూటికి లోపలి సున్నం

కోళ్ళ గూటికి లోపల సున్నం వేస్తానన్నందుకు మా ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వారు. ఇప్పుడు బాన్సువాడలో మా గల్లీలో ఒక్కరు కూడా నవ్వడం లేదు కాబట్టి ఆ సంగతి నేనే చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. గెలిచిందాన్ని నేను.

నాది వర్ని దగ్గర పల్లె. మా తాతలు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలం కొనుక్కుని స్థిరపడ్డారు. ప్రేమించి పెళ్ళి చేసుకుని బాన్సువాడ వచ్చాను. వచ్చి ఎన్నేళ్ళయినా, మా పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయినా, మా అత్తమ్మకు నేను ఇంకా ‘వర్నిదాన్నే’. పులుసులో పులుపు ఎక్కువైనా ఆ మాట వర్ని మీదకే పోతుంది. నాకా, ముక్కుమీద కోపం. మా ఇద్దరి మధ్య మా ఆయన ఎన్నిసార్లు అన్నం మధ్యలో లేచి బయటికి పోయాడో లెక్కలేదు.

పెరట్లో కోళ్ళ గూడు అత్తమ్మది. ఇటుకలతో కట్టి, లోపల మట్టీ పేడా కలిపి మెత్తిన గూడు. మోకాళ్ళు పట్టేసి పొలానికి వెళ్ళడం మానేశాక ఆమెకు మిగిలిన వ్యవసాయం ఆ కోళ్ళే. తెల్లారగానే గూటి ముందు చతికిలబడి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి గుడ్లు తడిమి తీసేది.

ఆ గూటికి పేలు పట్టాయి. ఆవగింజలో సగం కూడా ఉండని ఎర్రటి పురుగులు. పగలంతా గోడ పగుళ్ళలో దాక్కుని, చీకటి పడగానే కోళ్ళ రక్తం తాగుతాయి. పొదుగుకు కూర్చున్న ఎర్రపెట్ట ఓర్చుకోలేక గుడ్లను వదిలేసి లేచిపోయింది. మళ్ళీ కూర్చోబెడితే మళ్ళీ అంతే. గుడ్లన్నీ మురిగిపోయాయి. వాటిని పారబోసి వచ్చిన మా ఆయన చేతులు కడుక్కుంటూ తేల్చి చెప్పేశాడు.

“ఈసారి గూడ పిల్లలు జెయ్యకుంటే కోళ్ళన్ని పిట్లంల చికెన్ దుకాణపాయనకు ఇచ్చేస్త. గూడు తీసేసి ఆడ బండి పెట్టుకుంట.”

మాటకు మాట వేసే అత్తమ్మ వెళ్ళి గూటి ముందు కూర్చుంది. ఆ సాయంత్రం టీ ముట్టలేదు. ఆమె మీద నాకు ఎంత కోపమున్నా, ఆ చల్లారిన టీ మళ్ళీ వేడి చేసి తెచ్చిపెట్టాను. కోళ్ళు పోతే ఆ మనిషి రేపు పొద్దున్నే దేనికోసం లేస్తుంది?

మర్నాడు నేను సున్నం మాట ఎత్తాను. మా అమ్మ ఏటా గూటి లోపల సున్నం కొట్టేది, మా ఇంట కోళ్ళకు పేలన్న మాటే లేదు. ఇది చెప్పానో లేదో అత్తమ్మకు ఎక్కడలేని ఓపికా వచ్చేసింది. గూటికి మట్టి మెత్తుతారు గానీ సున్నం వేస్తారా, పెట్టకు చీకటి కావాలి, తెల్లగా మెరిసిపోయే చోట ఏ పెట్టా పొదగదు, ఇదంతా వర్ని షోకు అని దులిపేసింది. లోపల ఎవరు చూడొస్తారని మా ఆయన నవ్వాడు. పక్కింటి అక్క గోడ మీదినుంచి, కోళ్ళకు అద్దం కూడా పెట్టమని సలహా ఇచ్చింది. నా ఒళ్ళు మండిపోయింది.

అయితే నా మాట మా ఆయన చెవిన సగం పడినట్టుంది. మా దిక్కు పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు రంగులు వేస్తారు. అలా మిగిలిన ఎర్రరంగు డబ్బా ఒకటి అటక మీద ఉంది. నేను నస్రుల్లాబాద్ పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి ఆ మహానుభావుడు డబ్బా దించి, గూటి లోపలంతా పులిమేసి, రంగు కావాలన్నావుగా అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆ వాసనకు నాకే తల తిరిగింది. కోళ్ళు ఒక్కటీ లోపలికి పోలేదు. పొద్దుగూకేసరికి అన్నీ మునగచెట్టెక్కి కూర్చున్నాయి. అత్తమ్మ చెట్టు కింద నూకలు చల్లుతూ బతిమాలుతుంటే, మధ్యమధ్యలో నన్నూ నా పుట్టింటినీ కలిపి సాధించింది.

వాసన పోయాక కోళ్ళు దిగొచ్చాయి. పేలు మాత్రం అసలు పోనేలేదు. ఎర్రగోడ మీద ఎర్ర పేలు, ఎవరికి కనబడతాయి? నేను అరచేత్తో గోడ తుడిస్తే చేతికి ఎర్రటి మరక అంటింది. ఆరిపోయిన రంగు చేతికెలా అంటుతుంది, అది రక్తం. ఆ చెయ్యి తీసుకెళ్ళి మా ఆయన మొహం ముందు పెట్టాను.

ఇక ఎవర్నీ అడగలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, కొడవలి పట్టుకుని గూట్లోకి దూరాను. ఎర్రరంగు మట్టి పెచ్చులతో సహా ఊడొచ్చింది. ఇటుకల సందుల్లో సలసల కాగే నీళ్ళు పోశాను. సున్నపు రాళ్ళు తెచ్చి నానబెట్టి, రాలకుండా గుప్పెడు ఉప్పూ, పేలకు వేపనూనే కలిపి, సందుసందునా కుంచె దించి పూశాను. ఆరనిచ్చి మళ్ళీ పూశాను. బయటికి వచ్చేసరికి నా జుట్టు కూడా తెల్లగా అయిపోయింది. అత్తమ్మ అరుగు మీద కూర్చుని, మొహం అటు తిప్పుకుని, అంతా చూస్తూనే ఉంది.

చీకటి కావాలన్న ఆమె మాట మాత్రం తప్పు కాదు. గూటి ముందు పాత గోనెసంచి తెరలా కట్టాను. కొత్త గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, ఎర్రపెట్టను కూర్చోబెట్టాను. రోజూ తెర ఎత్తి చూసేదాన్ని. తెల్లగోడ మీద ఎర్రచుక్క కనబడితే చాలు, వేపనూనె గుడ్డతో అక్కడే నలిపేసేదాన్ని. మొదట్లో నాలుగైదు కనబడేవి, తర్వాత వెతికినా దొరకలేదు. ఎర్రపెట్ట కదల్లేదు. ముక్కుతో పొడవబోయేది, కానీ లేవలేదు.

మూడోవారం చివర ఒక పొద్దున గోనెసంచి వెనకనుంచి కిచకిచలు వినబడ్డాయి. నేను ఇల్లెగిరిపోయేలా అత్తమ్మను పిలిచాను. నాకు మీసముంటే ఆ పూట మెలేసేదాన్నే. ఒక్క గుడ్డు తప్ప అన్నీ పిల్లలయ్యాయి.

నేను తెర ఎత్తి కట్టాను. అత్తమ్మ గూటి ముందు చతికిలబడింది. అలవాటుగా చెయ్యి లోపలికి చాపి, సగంలోనే ఆపేసింది. తల వంచి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. నేను వెనక నిలబడి, ఇప్పుడైనా ఒప్పుకుంటుందా అని కాచుకుని ఉన్నాను.

“కనవడుతున్నది” అంది నెమ్మదిగా. “ఒక్కొక్క పిల్ల కనవడుతున్నది. ఎన్నేండ్లాయెనో బిడ్డా, గూట్లె నా కండ్లకు ఏమన్న కనవడక.”

తడిమి తీయడం ఆమె నేర్పరితనమనుకున్నాను ఇన్నాళ్ళూ. చూపు ఆనడం లేదని ఎవరికీ చెప్పలేదు, చెబితే కోళ్ళు కూడా పోతాయని భయం కాబోలు. వర్నిదానా అని పిలిచే మనిషి బిడ్డా అన్నదని కూడా నాకు కాసేపటిదాకా తట్టలేదు.

ఆమె నా చెయ్యి పట్టుకుని లేచింది. పక్కింటి అక్కను పిలిచి, మా కోడలు వేసిన సున్నం చూసిపొమ్మంది. మా ఆయన్ని పిలిచి, బండి గేటు దగ్గరే పెట్టుకొమ్మంది. తర్వాత నావైపు తిరిగి, ఇంట్లో ఎప్పుడూ మసకగా ఉండే తన గది వైపు చూపించింది.

“సున్నం మిగిలిందా? ఉంటే నా అర్రకు గూడ ఎయ్యి.”

మిగల్లేదు. ఆ మధ్యాహ్నమే బజారుకు పోయి సున్నపు రాళ్ళు తెచ్చాను. ఎవరూ చెప్పకుండానే మా ఆయన ఆమె మంచం బయటికి మోసి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.