లస్మయ్య ఒప్పుకున్న తప్పు

లస్మయ్య పొద్దున ఎనిమిదింటికల్లా బట్ట నేసే సాంచెల ఖార్ఖానాలో ఉండాలి. అంతకు ముందు రెండు గంటలు మాత్రం ఆయన కబడ్డీ కోచ్. జగిత్యాల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. వయసులో ఉన్నప్పుడు మంచి ఆటగాడు. మోకాలు చెడి ఆట ఆగిపోయాక, ఆ ఊళ్లోనే అమ్రోలిలో ఉండే మన నేతవాళ్ల ఆడపిల్లలను పోగుచేసి, ఖాళీ జాగాలో గీతలు గీసి నేర్పసాగాడు. తను నేర్చుకున్నట్టే నేర్పాడు. మధ్యలో నీళ్లడగొద్దు, నొప్పని చెప్పొద్దు, ఆదివారమూ సెలవు లేదు.

ఆ పిల్లల్లో వినోద మెరిక. పదిహేనేళ్లది. కూతకు వెళ్లిందంటే ఊరికే తిరిగొచ్చేది కాదు. దగ్గర్లోని పల్సానాలో జరగబోయే పోటీలకు బరువు పరిమితి ఉంది. కాటా ఎక్కించి చూస్తే రెండు కిలోలు ఎక్కువ తూగింది.

"జర వజన్ తగ్గాలె బిడ్డా. నువ్వు లేకుంటే టీమే లేదు" అన్నాడు లస్మయ్య. అని మరిచిపోయాడు.

వినోద మరవలేదు. మొదట రాత్రిపూట అన్నం మానేసింది. తర్వాత బడికి తీసుకెళ్లే డబ్బా కూడా ఇతరులకు పంచేయసాగింది. అడిగితే "తిన్న" అనేది. రెండు నెలల్లో అయిదు కిలోలు తగ్గింది. లస్మయ్య అందరి ముందూ ఆమె భుజం తట్టి, "పట్టుదలంటే గిట్లుండాలె" అన్నాడు.

పోటీల రోజు, రెండో కూతకు వెళ్తూనే వినోద కళ్లు తిరిగి పడిపోయింది.

ఒంట్లో రక్తం బాగా తగ్గిందనీ, నెలసరి కూడా ఆగిపోయిందనీ ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ఎదిగే వయసులో ఇంత ఆడే పిల్ల మామూలు పిల్లలకన్నా ఎక్కువ తినాలని మందలించింది. వినోద తల్లి నర్సవ్వ లస్మయ్య వైపు తిరిగింది.

"నా బిడ్డ సాంచె గాదన్నా, దారం తెగితే ముడేసి మళ్ల నడిపియ్యనీకి."

లస్మయ్య రెండు రోజులు మైదానానికి పోలేదు. వాచిన మోకాలితో తనను ఆడించిన తన కోచ్ గుర్తొచ్చాడు. అప్పుడు నొప్పని చెప్పే ధైర్యం తనకూ లేకపోయింది.

మూడో రోజు నర్సవ్వ ఇంటికి వెళ్లాడు. వినోద గోడవైపు తిరిగి కూర్చుంది.

"తప్పు నీది గాదు బిడ్డా, నాది. తినుమని చెప్పాల్సినోన్ని, తగ్గుమన్న."

వినోద గోడవైపే చూస్తూ అంది. "ఇప్పుడు తిందామన్నా భయమైతుంది మామా. బుక్క నోట్లె పెడితే కాటానే కండ్లల్ల మెదుల్తది."

తిండికి భయపడే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. "గీ మాట డాక్టరమ్మకు చెప్పు. నేను గుడ వస్త. ఆట సంగతి మళ్ల చూద్దాం" అన్నాడు.

మరునాడే కాటాను మైదానం నుంచి తీసేశాడు. నానబెట్టిన పల్లీలు, అరటిపండ్లు తిన్నాకే పరుగు మొదలన్నాడు. ఆదివారం సెలవిచ్చాడు. ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో, మనసెట్లుందో అడగడం నేర్చుకున్నాడు. మొదట్లో పిల్లలు నవ్వారు. పోనుపోను నోరు విప్పారు.

వినోద తిరిగి ఆడడానికి ఏడు నెలలు పట్టింది. బరువు పట్టింపు లేని పోటీకి పేర్లిచ్చారు. తమకన్నా పెద్ద పిల్లల చేతిలో నాలుగు పాయింట్లతో ఓడిపోయారు. లస్మయ్య అందరినీ డుమస్ సముద్రపొడ్డుకు తీసుకెళ్లి బండి మీద టమాటా భజియాలు ఇప్పించాడు.

"మామా, ఇంకో ప్లేటు" అంది వినోద.

ఆయన మొహం సముద్రం వైపు తిప్పుకుని, బండివాడికి రెండు వేళ్లు చూపించాడు.