ఎడమ రెప్ప మీద టేపు

నా కుడి కంటి రెప్పకు మడత ఉంది, ఎడమ దానికి లేదు; అందుకే ఆ కన్ను సగం మూసినట్టు కనబడుతుంది. బొల్లారం మందుల ఫ్యాక్టరీలో గౌను, టోపీ, మాస్కు వేసుకున్నాక బయటికి కనబడేవి కళ్లే కాబట్టి, మా సూపర్‌వైజర్ లెక్కలో నేనెప్పుడూ సగం నిద్రలోనే ఉంటాను.

"ఏంది బయ్, నిద్రవోతున్నవా?"

"లేదు సార్, నా కన్నే గట్ల."

రోజూ ఇదే. విసిగిపోయి రెప్పకు మడత తెచ్చే టేపు తెప్పించుకున్నాను. నెలపాటు అంటిస్తే మడత నిలిచిపోతుందట. పడుకునే ముందు అంటించి పొద్దున పీకేవాణ్ణి. సంగారెడ్డిలో కంపెనీ బస్సు ఎక్కేటప్పుడు ఉన్న మడత దారిలో ముత్తంగి దాటేసరికి దిగిపోయేది.

నెల దాటినా అంతే. కోపమొచ్చి ఒకరోజు టేపుతోనే డ్యూటీకి వెళ్లాను. చెమటకు అది ఊడి మాత్రల ట్రేలో పడింది. మిషన్ ఆపారు, ట్రే మొత్తం పారబోశారు. సూపర్‌వైజర్ ఆ ముక్కను పట్టకారుతో పైకెత్తాడు.

"ఏందిది?"

"నా మడత సార్. మెలకువగ కనవడాలని పెట్టుకున్న."

ఆయన నా రెండు కళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"ఇగ నువ్వు నిద్రవోయినట్టే ఉండు బయ్. నేనేం అనను."