చేతిలో రాయని మూడు వరసలు

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బరువు అలవాటైపోయిందనే అనుకున్నాను. పోయిన వారం బరంపురం మ్యూజియంలో మా మాస్టారి పేరిట ప్రదర్శన తెరిచారు. అక్కడ అద్దాల బీరువా ముందు నిలబడ్డాక తెలిసింది, ఏమీ అలవాటు కాలేదని. మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

మాస్టారు చైనా భాషలో పెద్ద పండితులు. ఎక్కడెక్కడివాళ్లో ఆయన్ని వెతుక్కుంటూ మా ఊరు వచ్చేవారు. ఒక పాతకాలపు చైనా యాత్రికుడి రాతల్ని తెలుగు చేస్తూ, పుస్తకం సగంలో ఉండగా ఆయన చూపు పోయింది. కళ్లు పోతే ఏం, చేయి ఉంది కదా అన్నారు. ఆ అక్షరాలను ఒక్కొక్కటే ఆయన అరచేతిలో నేను వేలితో గీసేవాణ్ణి. వాటి అర్థం నాకు తెలియదు, గీతల క్రమం మాత్రం ఆయనే నేర్పారు. అక్షరం అందితే "ఊఁ" అనేవారు. తర్వాత తెలుగు చెబితే రాసుకునేవాణ్ణి. వరస తప్పకుండా పుస్తకంలో చీపురుపుల్ల పెట్టుకునేవాణ్ణి.

ఒక వేసవి మధ్యాహ్నం. ఆయన అరచేయి చెమటకు తడిసిపోతోంది, మాటిమాటికీ తువ్వాలుతో తుడవాలి. నాకేమో గిరిసోల వెళ్లే బండికి టైమైపోతోంది. ముందున్న మూడు వరసలూ చిక్కు గీతలవే. పుల్లను మూడు వరసలు అవతలికి జరిపేశాను. మర్నాడు సరిచేద్దామనుకున్నాను. ఎందుకు చెయ్యలేదు? బద్ధకమా, ఆయన కనిపెట్టలేదన్న ధీమానా? ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

కొన్ని నెలలకు ఢిల్లీలో ఉన్న ఆయన స్నేహితుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మేం పంపిన కాగితాలు మూలంతో పోల్చి చూస్తే, అనువాదంలో మూడు వరసలు లేవట. కూతురు చదివి వినిపించగానే మాస్టారు నావైపు తిరిగారు.

"ఏట్రా, ఆ మూడు వరసలూ నా సేతిలో రాసేవా? కోప్పడను, సెప్పు."

"రాసేను మాస్టారూ. మీరే మరిసిపోయేరు."

"అలాగేటి... అయితే నా బుర్రే పోతందన్నమాట."

నన్ను అనుమానించలేదు. తనను తానే అనుమానించుకున్నారు. ఆ రోజు నుంచి పుస్తకం ముట్టలేదు. ఇంకా ఐదేళ్లు బతికారు. ఇందాక కాఫీ తాగానా, స్నానం చేశానా అని కూతుర్ని అడిగి తెలుసుకునేవారు. అడిగినవన్నీ ఆయనకు గుర్తున్నవే. నిక్షేపంలాంటి జ్ఞాపకాన్ని ఆయనే నమ్మకుండా చేశాను నేను.

ప్రదర్శనకు నన్ను పిలిచింది ఆ కూతురే. "నాన్నకి కళ్లు నీ సేతి ఏలే కదా, అన్నయ్యా. తెలుగు సీటీలు నువ్వే రాయాల" అంది. ఆ చివరి పుస్తకం కింద పెట్టే చీటీలో ఏముండాలో మ్యూజియం వాళ్లు ఒడియాలో చెప్పారు. దాన్ని తెలుగు చేశాను: "మతిమరుపు వల్ల మధ్యలో ఆగిన అనువాదం." నా దస్తూరీతోనే. రాస్తుంటే చెయ్యి వణకలేదు. ఇంత మొద్దుబారిపోయానా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె క్షమిస్తుందా? అడగను. రేపు పొద్దున వెళ్లి ఆ చీటీ తీయించేసి, ఇంకోటి ఆమె చేతికిస్తాను. అది ఇప్పుడే రాశాను: "మాస్టారు ఏమీ మరిచిపోలేదు. ఆ మూడు వరసలు ఆయన చేతిలో ఎవరూ రాయలేదు."

కాసేపు దానివైపే చూశాను. 'ఎవరూ' కొట్టేసి 'నేను' అని రాశాను. ఈసారి చెయ్యి వణికింది. హమ్మయ్య అనుకున్నాను.